వెనక్కి జరిగే బడి

ఇన్‌స్పెక్టరుగారు గొడుగు వేసుకుని రోడ్డు మీద కుర్చీ వేయించుకోగానే మా బడి ఒక అడుగు వెనక్కి వేస్తుంది. పెంకులు గలగలమని మళ్లీ సర్దుకుంటాయి.

మేం ముట్టుకుంటే మైలని ఊరిబడిలోకి మా పేట పిల్లల్ని రానివ్వరు. అందుకే మాకు ఈ బడి. తనిఖీకి వచ్చినా ఇన్‌స్పెక్టరుగారు ఇందులో అడుగుపెట్టరు. పిల్లలు పలకను దూరంగా నేల మీద పెట్టి తప్పుకోవాలి. ఆయన రోడ్డు మీదనుంచే చదివి, పాసో కాదో చెబుతారు.

ఇవాళ మా చెల్లెలు కెజియా వంతు. పాసైతే పైతరగతి.

"తప్పిందంటే రేపట్నించి నాతోపాటు నాట్లకే," అంటుంది బడి గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ.

కెజియా పలక పెట్టి వస్తుంది.

"ఇంకాస్త వెనక్కి జరగండర్రా," అంటారు ఇన్‌స్పెక్టరుగారు.

మేం జరుగుతాం. పలకా జరుగుతుంది. బడి కాలవలోకి దిగి, తడిసిన గోడలతో అవతలి గట్టు ఎక్కుతుంది.

"ఇంకాస్త."

"ఇంకాస్తంటే బందరు సముద్రంలో పడతాం బాబయ్యా! సేపలకి అప్పజెప్పమంటారా పాఠం?" అంటుంది అమ్మ పక్కనున్న మా పేట ముసలి రూతమ్మ.

బడి నవ్వు ఆపుకోలేక కిటికీ మూసుకుంటుంది.

"పిల్ల సక్కగా రాసిందండయ్యా," అని ఏసోబు మాస్టారు చేతులు జోడించి అరుస్తారు.

"నాకేం కనపడటం లేదయ్యా. కనపడనిదాన్ని ఎలా పాస్ చెయ్యను? తప్పింది."

కెజియా ఏడవదు. పలక తీసుకుని తిన్నగా రోడ్డువైపు నడుస్తుంది. మా పేటలో ఎవరూ అలా నడవగా నేను చూడలేదు.

"ఆగవే! దగ్గరికి రాకు!" అని అరుస్తారు ఇన్‌స్పెక్టరుగారు.

దూరం తగ్గకూడదు కాబట్టి ఆయనే కుర్చీతో సహా వెనక్కి జరుగుతారు. ఊరు దాటుతారు, సరుగుడు తోట దాటుతారు. దూరమయ్యేకొద్దీ చిన్నగా కనిపిస్తారు. కనిపించడమే కాదు, నిజంగానే చిన్నవారైపోతారు. చివరికి కుర్చీ కాలు నేల పగులులో ఇరుక్కుంటుంది. కెజియా వెనకే మేమంతా చేరేసరికి ఆయన గండుచీమంత ఉన్నారు.

కెజియా ఆయన ముందు పలక పెడుతుంది. "ఇప్పుడు సదవండయ్యగారూ."

ఆయన చెప్పులు విప్పి మొదటి అక్షరం మీదికి ఎక్కుతారు. ఒంపులన్నీ నడుస్తూ చదువుతారు. మా ఊపిరికి ఎగిరిపోతారేమోనని అందరం ముక్కులు మూసుకుంటాం.

చివరి అక్షరం కొసన ఆయన ఆగిపోతారు. ముందు గీత లేదు. కింద పలక నల్లగా, నుయ్యంత లోతుగా ఉంది.

"ఆపకమ్మా," అంటుంది సన్నని గొంతు. "పడిపోతాను."

కెజియా ఆయన పాదాల ముందు ఇంకో అక్షరం వేస్తుంది. ఆ తర్వాత మరొకటి. పలక నిండిపోతే గాలి మీద రాస్తుంది. గాలి ఆ గీతను పట్టుకుంటుంది.

"అమ్మా, మరి నాట్లో?" అంటుంది కెజియా, తల తిప్పకుండా.

"నాట్లకేం, నేనేసుకుంటా. నువ్వు రాయవే తల్లీ. నువ్వాపితే మనిషి సచ్చిపోతాడు."

బలపం అరిగిపోతుంది. ఇప్పుడు కెజియా వేలితోనే రాస్తోంది. రాసేకొద్దీ ఆ వేలు తెల్లగా, పొడుగ్గా వరిచేల మీదుగా పెరుగుతోంది. దాని కొసన ఒక చుక్కంత మనిషి గొడుగు వేసుకుని, తర్వాతి అక్షరం కోసం ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.