ఎడమ పక్క జమ

తప్పు తన చేతిదేనని జిలాన్ బాషాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఇరవై రెండేళ్లుగా అనంతపురంలో సావుకారు శివప్ప చెనిక్కాయల మండీకి అతనే గుమాస్తా. కాయలమ్మిన దుడ్లను రైతులు ఇంటికి తీసుకుపోకుండా సావుకారు దగ్గరే దాచుకునేవాళ్లు. రసీదూ లేదు, పత్రమూ లేదు. వాళ్ల పేరున ఖాతాలో ఎడమ పక్క బాషా 'జమ' అని రాసుకుంటే చాలు. జమ అంటే వాళ్లు మనకిచ్చింది, అడిగిన రోజున మనం తిరిగివ్వాల్సింది. వాళ్లు తీసుకున్నది కుడి పక్క ఖర్చు.

పందొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో శివప్ప పోయాడు. మద్రాసులో బీకాం చదివిన కొడుకు దివాకర్ వస్తూనే లావుపాటి కొత్త రిజిస్టరు తెచ్చి పడేశాడు. "ఎడమ పక్క డెబిట్, కుడి పక్క క్రెడిట్. పాత బుక్కులో నిలవలన్నీ దీంట్లోకి ఎక్కించు" అనేసి వెళ్లిపోయాడు. డెబిట్ అంటే ఏమిటయ్యా అని బాషా ఒక్క మాట అడిగి ఉంటే! అడగలేదు మహానుభావుడు. ఇంగ్లీషు రాని గుమాస్తా ఎందుకు దండగ అంటాడేమోనని భయం. ఎడమ పక్కది ఎడమ పక్కకే, ముత్యాల్లాంటి అక్షరాలతో నలభై పేర్లూ ఎక్కించేశాడు.

ఆషాఢంలో వాన పడింది. మరునాడు పొద్దున్నే రాప్తాడు నుంచి ఓబులమ్మ వచ్చింది. ఆమె మొగుడు బయ్యన్న చనిపోయి ఏడాది.

"మా దుడ్లు నాలుగు నూర్ల ఇరవై ఉండాయి గదప్పా. ఎద్దు సచ్చిపోయింది. ఇంగోటి కొంటేనే ఇత్తనం పడేది."

దివాకర్ కొత్త రిజిస్టరు తిప్పాడు. అతని వేలు ఎడమ పక్క ఆగింది. "నువ్వే మాకు నాలుగు నూర్ల ఇరవై బాకీ ఉండావు. ఇదో, డెబిట్‌లో ఉండాది. అంటే మా నుంచి తీసుకున్నావని. నెలలోపల కట్టకపోతే నీ చేను రాయించుకుంటా."

"బాకీనా!" ఓబులమ్మ బాషావైపు తిరిగింది. "బాషన్నా, మా ఇంటాయన నీ చేతికే కదన్నా ఇచ్చినాడు. చెప్పన్నా!"

సరిగ్గా అప్పుడే బాషాకు తెలిసింది. తాను జమ రాసిన పక్క, ఈ రిజిస్టర్లో బాకీ పక్క! ఓబులమ్మ ఒక్కతే కాదు, నలభై మందినీ తన చేత్తోనే అప్పులవాళ్లను చేసి కూర్చున్నాడు. నోరు తెరిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో భార్య హుస్సేన్‌బీ, నలుగురు పిల్లలు. ఈ కరువు జిల్లాలో ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? ఓబులమ్మ అతని ముఖంలోకే చూస్తోంది.

"చిన్నయ్యా..." బాషా కొత్త రిజిస్టరు మీద వేలు పెట్టాడు. "తప్పు నాది. పక్కలు మారిపోయినాయి. మనమే ఆమెకియ్యాల."

"ఈమెదొక్కటేనా?"

"అందరివీ."

దివాకర్ కొత్త రిజిస్టర్లో ఆఖరి మొత్తం దగ్గరికి పుటలు తిప్పాడు. "అయితే మనకు రావాల్సిన పద్దెనిమిది వేలు?"

"వచ్చేవి కావయ్యా. మనం ఇచ్చేవి."

దివాకర్ ఓబులమ్మను బయట కూర్చోమని తలుపు దగ్గరికేశాడు. "పాత బుక్కు పెరట్లో పొయ్యిలో వెయ్యి. కొత్తదే ఉండనీ. ఎవురి దగ్గరా కాయితం లేదు. నీకు జీతం పది రూపాయలు పెంచుతా. కాదంటావా, దొంగలెక్కలు రాసి దుడ్లు తిన్నావని పోలీసులకు నేనే చెప్తా. రాసింది నీ చెయ్యే కదా?"

అల్లా, జైలు! బాషా ఎర్రగుడ్డ అట్ట ఉన్న పాత ఖాతాను రెండు చేతులతో గుండెకు పట్టుకుని లేచాడు. ఎడమవైపు పెరటి తలుపు, ఎదురుగా వసారా. వసారాలో విత్తనాల దుడ్ల కోసం వచ్చిన రైతులు అప్పటికే ఇరవై మంది దాకా ఉన్నారు.

అతను వసారాలోకే నడిచాడు. ఓబులమ్మ పక్కన కూలబడి బుక్కు తెరిచాడు.

"అందరూ ఇనండప్పా. ఎవురి లెక్క వాళ్లు మనసులో పెట్టుకోండి. బయ్యన్న, రాప్తాడు. నాలుగు నూర్ల ఇరవై, జమ. లింగన్న, ఆరు నూర్లు, జమ..."

"బాషా!" అని లోపలినుంచి దివాకర్ అరిచేసరికి ఉలిక్కిపడి పుట తప్పాడు, మళ్లీ వెతుక్కుని చదివాడు. ఆఖరి పుటలో ఆఖరి పేరు దగ్గర ఆగిపోయాడు. జీతంలో మిగిల్చి పదేళ్లుగా సావుకారు దగ్గర దాచుకున్న తన సొమ్ము. కొత్త రిజిస్టర్లో దాన్నీ బాకీ పక్కకే, అంతే అందంగా ఎక్కించుకున్నాడు.

"జిలాన్ బాషా. మూడు నూర్ల పది. జమ."

లోపల దివాకర్ పోలీసుల కోసం మనిషిని పంపిస్తున్నాడు. బాషా ఖాతా మూసి ఓబులమ్మ ఒళ్లో పెట్టాడు.

"తీసుకపోయి దాచిపెట్టు ఓబులమ్మా. నన్ను పట్టుకుపోయినా ఇది పోకూడదు."

చదువు రాని ఓబులమ్మ ఆ బుక్కును కొంగులో చుట్టి చంకన పెట్టుకుంది. కానీ మెట్లు దిగలేదు. "పోలీసులు రానీ, మేమూ ఈడే ఉంటాం" అంటూ అతని పక్కనే కూర్చుంది. మిగతావాళ్లూ ఒక్కరూ కదల్లేదు. బాషా మాత్రం వీధి మలుపువైపు చూడ్డం మానలేదు.