లూపర్ ముందు డిలే

వాన వెలిసింది. కిటికీ రేకు మీంచి చుక్కలు... గదిలో ఆంప్ సన్నటి మూలుగు.

అక్క కుర్చీలో. ఒళ్ళో గిటార్.

చెల్లెలు నేల మీద, కేబుళ్ళ మధ్య.

రెండే పెట్టెలు. ఒకటి డిలే — విన్నదాన్ని మూడుసార్లు తిరిగి అంటుంది, ఒక్కోసారీ కాస్త నీరసంగా. రెండోది లూపర్ — ఒకసారి విన్నదాన్ని కాలితో నొక్కి ఆపేదాకా అంటూనే ఉంటుంది. చాదస్తపు చుట్టంలా.

ఇరవై ఏళ్ళుగా అక్కది రిథమ్, చెల్లెలిది లీడ్. పక్కపక్కనే.

రేపు అక్క ఎడమచేతి ఉంగరపు వేలికి ఆపరేషన్. మళ్ళీ వంగుతుందా అని అడిగితే డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అందుకే ఈ రోజే. అక్క చేతిని లూపర్‌లో దాచుకోవాలి. నాలుగు కార్డులు — నాలుగు స్వరాల గుత్తులు — ఒక్క చుట్టు.

"లూపర్ ముందు డిలే," అంది అక్క, ట్యూనింగ్ చూసుకుంటూ.

ముందు లూపర్, ఆ తర్వాత డిలే — అక్క మనసులో ఉన్నది అది. అలా అయితే అక్క వాయించింది మాత్రమే లోపల ఉంటుంది. ప్రతిధ్వని కావాలంటే కలుపుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు.

చెల్లెలు లూపర్‌కి ముందు డిలే పెట్టింది.

మాట మధ్యలో ఆగే అలవాటు అక్కకి లేదు. మళ్ళీ అడిగే అలవాటు చెల్లెలికి లేదు.

అక్క వాయించింది. మూడో కార్డు దగ్గర వేలు తీగను అందుకోలేదు... అయినా ఆపలేదు. చివర్లో కాలితో నొక్కింది.

"చాలు. ఇంక నా వల్ల కాదు."

చుక్కలు పడుతూనే ఉన్నాయి.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. వేలు వంగలేదు.

ఆ మధ్యాహ్నమే చెల్లెలు లూపర్ నొక్కింది. డిలే ఆపేసింది.

ప్రతిధ్వని ఆగలేదు.

మళ్ళీ ఆపింది. ఆగలేదు. అప్పుడు కేబుల్ వంక చూసింది. డిలే ముందుంది; ప్రతిధ్వనులు కూడా లూపర్‌లోకే వెళ్ళాయి. అక్క చెయ్యి, దాని నీడలు — పాలల్లో నీళ్ళు కలిసినట్టు కలిసిపోయాయి. ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు.

"అక్కా... తప్పు చేశాను."

అక్క వచ్చి చూసింది. "లూపర్ ముందు అన్నానా, లేదా?"

"అన్నావు. అందుకేగా లూపర్ ముందు పెట్టాను!"

ఇద్దరూ నవ్వారు. ఎక్కువసేపు కాదు.

"సర్లే, పెట్టు. విందాం."

అక్క కళ్ళు మూసుకుంది. కుడిచేతి వేలితో గాల్లో ఒక్కోదాన్నీ చూపించింది.

"ఇది నేను... ఇది మిషను... ఇదీ మిషనే... ఇది నేను..."

మూడో కార్డు వచ్చింది.

వేలు గాల్లో ఆగిపోయింది.

"ఇది... నాదేనా?"

చెల్లెలికి తెలుసు. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని విన్న చెయ్యి అది. అక్కడ అక్క లేదు. వినిపిస్తున్నది రెండో కార్డు తిరిగి రావడమే.

"నీదే," అంది.

లూపర్ మళ్ళీ మొదటికొచ్చింది. రెండో కార్డు... మూడోది.

ఈసారి అక్క అడగలేదు.

"ఇది నేను," అంది.