కడిగిన పొట్ట

అబిగయీలు ఐసు డబ్బా మోసుకుంటూ కబేళాకి తిరిగి వచ్చేసరికి చున్నీ తడిసి మెడకి అంటుకుపోయింది. నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఐసు దారిలోనే నీరైపోతే, రొయ్యలకి ఐసు చేసే ఫ్యాక్టరీ దాకా పరుగెత్తాల్సి వచ్చింది.

కసాయి అల్లాబక్షు కత్తులు కడుగుతున్నాడు. శుక్రవారం కదా, నమాజు వేళకి ముందే పని ముగించాడు.

"నా దున్నని కోసేసినారా భాయ్?"

"నువ్వు చెప్పినట్టే పొట్ట పక్కన పెట్టించినా మా. కుక్కని గూడా దగ్గరికి రానీలా."

ఆమెకి ప్రాణం లేచివచ్చింది. వెటర్నరీ కాలేజీలో ఆమె పరిశోధనంతా ఆ పొట్ట మీదే. మిరియాలకి ఘాటునిచ్చే ఆల్కలాయిడ్‌ని దాణాలో కలిపి దున్నలని మేపింది. దాని ప్రభావంతో పొట్ట లోపలి నల్లటి పొరలో ఏ జన్యువు చురుకైందో, ఏది మందగించిందో చూడాలి. కోసిన కాసేపట్లోనే ఆ పొర ముక్కని మందులో ముంచి ఐసులో పెట్టకపోతే ఆనవాళ్ళు చెరిగిపోతాయి. మిరియాల దాణా తిన్నవాటిలో ఇదే ఆఖరుది. ఇది పోతే మళ్ళీ దూడని తెచ్చి మేపడమే.

కుళాయి దగ్గర్నుంచి అల్లాబక్షు భార్య జైతూన్‌బీ తపేలాతో వచ్చింది. అందులో పొట్ట ఉతికిన తువ్వాలులా తెల్లగా ఉంది.

"చదువుకున్న పిల్ల చేతికి పేడ పొట్ట ఇస్తామా? మసిలే నీళ్ళల్లో ముంచి, సున్నం పూసి గీకినా. నలుపు ఎక్కడన్నా ఉండాదేమో చూడు!"

అబిగయీలు చూసింది. ఎక్కడా లేదు. ఆమెకి కావలసింది ఆ నల్ల పొరే.

మెట్టు మీద కూలబడింది. కోప్పడటానికి కూడా ఓపిక లేదు.

ఆమె ముఖం చూసి అల్లాబక్షుకి సంగతి అర్థమైంది. "ఇంకో దున్న పొట్ట ఇప్పుడే తీసినా, కడగలేదు. అది తీసకపో."

"అది మిరియాలు తినలేదు భాయ్."

"తినిందని నువ్వు రాస్తే తినినట్టే గదా. దున్నొచ్చి చెప్తాదా?"

ఆమెకి నవ్వొచ్చింది. మందు సీసా మూత తీసింది కూడా. ఆ ఒక్క ముక్క చాలు, ఇంటికి పోయి పడుకోవచ్చు. మళ్ళీ మూత బిగించింది.

"ఒక దున్నదూడని చూసి పెట్టండి భాయ్. ఈసారి కోసేరోజు ఇక్కణ్ణించి కదలను."

"మరి ఇది?" జైతూన్‌బీ తపేలా చూపిస్తూ నెమ్మదిగా అడిగింది.

"పొట్లం కట్టియ్యక్కా. మా అమ్మ గూడా ఇంత శుభ్రంగా ఎప్పుడూ చెయ్యలా."