తినే చేతికి వేయని బేడీ

నేను ఒక జత బేడీలను. రెండు ఉక్కు కడియాలు, మధ్యలో పొట్టి గొలుసు, అంతే నా ఒళ్ళు. పేరు వినగానే ముఖం చిట్లించకండి. తాళాలు చేసే కార్ఖానాలో పుట్టాను. నా తోబుట్టువులు బీరువాల్లోని సొమ్ముకు కాపలా కాస్తున్నాయి. నేను ఆ సొమ్ము ఎత్తినవాళ్ళకు కాపలా కాశాను. జీతం మాత్రం ఇద్దరికీ లేదు.

కర్నూలు జిల్లాలో ఒక పోలీసు స్టేషనుకు చేరాక, హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు బెల్టుకు వేలాడుతూ బతికాను. ఆయనకు కాస్త పొట్ట, మోకాళ్ళ నొప్పులు. అయినా ఎవడైనా తప్పించుకుపోతే పక్క స్టేషన్ల వాళ్ళు కూడా ఆయన్నే పిలిచేవారు. ఆయన పరిగెత్తగా నేను ఎన్నడూ చూడలేదు. కుర్ర పోలీసులు లాఠీలు పట్టుకుని గోడలు దూకుతుంటే ఆయన నవ్వేవాడు.

"పరిగెత్తేవాని ఎనకాల మనమూ పరిగెత్తితే ఏమొస్తాది? వానికి ఏం కావాల్నో ఆడికి పోయి నిలబడాల."

ఎండాకాలంలో చెప్పులు వదిలేసి పొలాలకు అడ్డంపడి ఉరికినవాడి కోసం, అక్కడున్న ఒకే ఒక్క వేపచెట్టు నీడలో కూర్చున్నాడు. వాడు అరికాళ్ళు బొబ్బలెక్కి తనంతట తానే వచ్చాడు. సగం గడ్డంతో మంగలి కుర్చీలోంచి పారిపోయినవాడి కోసం ఇంకో మంగలి షాపులో పేపరు చదువుతూ ఎదురుచూశాడు. ఆయన నిబ్బరాన్ని అందరూ మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకునేదాన్ని.

ఆయనకో పట్టింపు ఉండేది. ఎంత పెద్ద దొంగైనా అన్నం ముందు కూర్చుంటే కుడిచేతి కడియం తీసేసేవాడు. "తినే చేతికి బేడీ ఎయ్యగూడదు" అనేవాడు. ఈ మంచితనం ఎప్పుడో కొంప ముంచుతుందని ఇనస్పెక్టర్లు మందలించారు. ఆయన వినలేదు. ప్రతి భోజనమూ నాకు గండమే.

రిటైరు కావడానికి కొన్ని నెలల ముందు ఆ గండం రానే వచ్చింది. మద్దిలేటి అనే మోటారు సైకిళ్ళ దొంగను కోర్టు వాయిదాకు ఆదోని తీసుకెళ్తున్నాం. తోడు రావలసిన కానిస్టేబులును జాతర బందోబస్తుకు వేశారు. బస్సు మారే ఊళ్ళో మధ్యాహ్నమైంది. స్టాండు పక్కన హోటల్లో మద్దిలేటికి భోజనం చెప్పి, ఓబులేసు వాడి కుడిచేతి కడియం తీశాడు. ఎడమ మణికట్టుకు వేలాడుతూ నేను భయంగా చూస్తున్నాను. పప్పన్నం కలుపుకుంటూ వాడు వినయంగా అడిగాడు.

"సార్, రొంత మజ్జిగ దొరుకుతాదా?"

సప్లయరు రద్దీలో ఉన్నాడు. ఓబులేసే లేచి వెళ్ళాడు. ఆయన ఇటు తిరిగేలోగా వాడు నోట్లో ముద్దతోనే గుమ్మం దాటేశాడు, నన్ను కూడా తీసుకుని!

పోలీసు సొత్తునై ఉండి దొంగతో లేచిపోతున్నాను. నాకు చెప్పలేనంత దిగులు వేసింది. ముద్దాయి తప్పించుకుంటే సస్పెన్షను, విచారణ, పెన్షను మీద వేటు. ఇంతకాలం పారిపోయినవాళ్ళను పట్టిన మనిషి, ఖైదీని పోగొట్టుకున్న ఓబులేసుగా ఇంటికి వెళ్ళాలి. ఎవరికైనా వినిపించాలని గలగలలాడాను. వాడు ఎడమచేతిని ప్యాంటు జేబులో కుక్కి నా నోరు మూశాడు.

ఇక నాకు చీకటే. వాడి నాడి మాత్రం నా ఉక్కుకు టపటపా తగులుతోంది. వాడు కుడిచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. పప్పు అంటు పోయింది గానీ ఎంగిలి పోతుందా? కదులుతున్న బస్సు చప్పుడు దగ్గరైంది. వాడు మెట్టు మీద కాలు పెట్టి కడ్డీ పట్టుకోబోయినట్టున్నాడు, కండక్టరు గొంతు ఖంగుమంది.

"ఓ అన్నా, ఎంగిలి చెయ్యి పెట్టి కడ్డీ పట్టుకుంటావేంది? నలుగురు పట్టుకునే జాగా! కడుక్కొని ఎనకాల బస్సుకు రాపో!"

ఎడమచెయ్యి బయటికి తీద్దామంటే అక్కడ నేనున్నాను. బస్సు వెళ్ళిపోయింది. తాళాలు పగలగొట్టడంలో పేరున్న దొంగ, కడగని చేత్తో నలుగురిలో నిలబడలేకపోయాడు. మనుషులు నాకు ఎప్పటికీ అర్థం కారు.

వెనకాల బస్సు ఇంజను స్టార్టయింది. వాడు గబగబా కొళాయి వైపు నడిచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి కడిగాడంటే ఇక వీణ్ణి ఎవరు పోల్చుకుంటారు? కొళాయి కిర్రుమంది. నీళ్ళు పడుతున్నాయి. అప్పుడు తట్టింది నాకు. వాడి ఎడమచెయ్యి నా దగ్గరే ఉంది, కుడిచెయ్యి ఎంగిలి. మరి కొళాయి తిప్పిందెవరు?

"కడుక్కోరా మద్దిలేటీ. నిదానంగా కడుక్కో."

ఓబులేసు గొంతు. వాడి ఎడమచెయ్యి జేబులోంచి బయటికి జారింది, నాకు మళ్ళీ లోకం కనబడింది. ఒక చెయ్యి కొళాయి మీద, రెండో చేతిలో మజ్జిగ గ్లాసు. మద్దిలేటి పారిపోలేదు. కడుక్కున్న చెయ్యి విదుల్చుకుని, తలవంచుకుని నిలబడ్డాడు.

మళ్ళీ ఆ హోటలుకే వెళ్ళాం. ఓబులేసు వాడికి కొత్తగా విస్తరి వేయించాడు. ఖాళీగా ఉన్న నా రెండో కడియాన్ని ఈసారి తన ఎడమచేతికే తగిలించుకుని ఎదురుగా కూర్చున్నాడు. అంతకు ముందెప్పుడూ నేను ఆయన ఒంటికి అంత దగ్గరగా లేను.

"బో నిబ్బరం సార్ మీకు. నేను పోతానని భయం కాలేదా?" అన్నాడు మద్దిలేటి.

"నాకేం భయం? ముద్ద సల్లారిపోతాది, తిను."

ఇప్పుడు నేను స్టేషను వెనక గదిలో, పనికిరాని సామాన్ల పెట్టెలో తుప్పుపడుతున్నాను. ఓబులేసు ఎప్పుడో రిటైరై, పూలదండ వేయించుకుని, తలెత్తుకుని వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చిన పోలీసులు ఆయన కథలు చెప్పుకుంటారు. ఆయన ఏనాడూ కంగారుపడలేదంటారు. నాకు నోరుంటే ఒక మాట చెప్పేదాన్ని. ఆ మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర నాకు ఒక పక్క దొంగ నాడి, ఇంకో పక్క ఆయన నాడి. దొంగది అప్పటికే నెమ్మదించింది. వాడు తిని లేచేదాకా ఆయనది నెమ్మదించలేదు.