అరణపు బర్రెలు

“దానంతట అదే నడుస్తది సార్, మనం చేసేదేం లేదు,” అని పొద్దున్నే ఇంజను చూడవచ్చిన ఆఫీసర్లకు మల్లేష్ చెబుతున్నప్పుడు, అతని భార్య జమున పెరట్లో మోచేతుల దాకా పేడలో ఉంది. రాళ్ళూ గడ్డిపోచలూ ఏరి, నీళ్ళు పోసి, పలచగా కలిపి గుంతలోకి వదిలితేనే పేడ గ్యాసు పుట్టేది. తన బర్రెల పేడ చాలక వాడంతా తిరిగి గంపతో మోసుకొచ్చేదీ ఆమే. ఆ గ్యాసుకు పైపులో వచ్చే సహజవాయువు కలిపితే ఇంజను తిరుగుతుంది. ఇంజను కరెంటుతో షెడ్డులో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడతాయి, దాని వేడికి అద్దకం నీళ్ళు కాగుతాయి. ఇంత సంబరానికీ మొదలు ఈ రెండు చేతులే, అవి మాత్రం ఎవరి కంటికీ ఆనవు!

మొన్న అన్నం వడ్డించబోతే చెయ్యి వాసనొస్తోందని కంచం పక్కకు జరిపాడు మహానుభావుడు. ఆ అన్నం ఉడికిందీ ఈ పేడ గ్యాసు మీద కాదట? కరీంనగర్‌లో ఇలాంటి ఇంజన్ల పని నేర్పుతారని విని జమున పేరిచ్చింది, పిలుపూ వచ్చింది. క్లాసులు ఇవాళే మొదలు. ఆ మాట చెప్పిన రోజు అతను నవ్వి ఊరుకున్నాడు. పేడెత్తే చేతికి మరలు బిగించే పానా ఎందుకని అత్త లస్మవ్వ మూతి విరిచింది. అప్పటినుంచి జమునకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. పొయ్యి ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. ఇవాళ కరీంనగర్ బస్సు తప్పితే ఇక ఈ గుంతే తన బతుకని భయం.

ఆఫీసర్లు వెళ్ళగానే స్నానం చేసి, సంచి భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చింది.

“నువ్వు పోతే పేడ ఎవలు తెస్తరు? సాంచెలు బందయితయి,” అన్నాడు మల్లేష్.

జమునకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తను లేకపోతే ఆగిపోయేదొకటి ఉందని మొగుడి నోట ఇన్నేళ్ళకు విన్నది, అదీ తనను ఆపడానికి. బర్రెలున్న ఇంటి ఆడది గడప దాటొద్దని లోపలి నుంచి అత్త అందుకుంది.

బర్రెలు ఎవరివి? పెళ్ళినాడు తల్లి కమలవ్వ అరణంగా ఇచ్చిన రెండు పెయ్యలూ, వాటి సంతానమూ. అరణం పుట్టింటివాళ్ళు ఆడపిల్లకిచ్చే సొత్తు. అమ్మినా ఆమే, ఇచ్చినా ఆమే, అత్తింటివాళ్ళకు హక్కు లేదు. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పాలు తాగుతూ, పేడ వాడుకుంటూ ఇంట్లో అందరూ మరిచిపోయారు, జమునా మరిచిపోయింది.

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది. “బాలమల్లూ, అవ్వ ఇచ్చిన బర్రెలను ఇయ్యాల్నే వచ్చి తోల్కపో. నీ కొట్టంల ఉండనీ.”

మల్లేష్ గబగబా ఆమె ముందుకొచ్చాడు. “నన్ను అడగకుంటనే?”

“అరణం నాది. ఎవల్ని అడగాలె?”

“మరి ఇంజను?”

“పైపు గ్యాసు ఇంక జర ఎక్కువ తిప్పుకో,” అంది జమున చెప్పులేసుకుంటూ. “కాకపోతే, గా గ్యాసు నా లెక్క కాదు, బిల్లు పంపుతది.”