వంతెన నీడలో చోటు

2018 ఏప్రిల్ తొమ్మిదిన, షమ్ ఎన్నసీమ్ అనే వసంత పండగ నాడు, బయూమీ కాలవ గట్టు మీద గోనెపట్టా పరుచుకుని, ఉప్పులో ఊరిన ఫెసీఖ్ చేపను రొట్టెలో చుట్టి, ముద్దకో ఉల్లికాడ కొరుకుతూ తృప్తిగా తిన్నాడు. పక్కన రంగులేసిన గుడ్లు, నిమ్మచెక్కలు, ఆ తెల్లవారుజామునే కోసిన లెట్యూస్. "చేప ఎవడైనా ఊరబెడతాడు నేమత్. ఇలాంటి ఉల్లికాడ మాత్రం నీ చేతికే వస్తుంది," అన్నాడు భార్యతో. నోరు విప్పి మెచ్చుకునే మనిషి కాదాయన. అందుకే ఆ మాట తేదీతో సహా ఆమెకు గుర్తుండిపోయింది.

మళ్ళీ పండగ వచ్చేసరికి బయూమీ లేడు. జనవరి చివర్లో గుండె ఆగి పోయాడు. పిల్లల్లేని నేమత్ నల్లబట్టలు కట్టుకుని, మొగుడు పోయిన ఆడవాళ్ళు పాటించే ఇద్దత్‌లో కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదన్నారు. ఈసారి పండగ ఆలస్యమై ఏప్రిల్ ఆఖరుకి జరిగినా, గడువు మాత్రం ఇంకా తీరలేదు.

పొద్దుగూకగానే అత్త తఫీదా వీధి తలుపు వేసేది. ఊరికే వేయడం కాదు. రెక్కను గోడకేసి కొట్టినంత పని చేసి, ఇనప గడియ రెండుసార్లు లాగేది. కోడలు ఇంట్లోనే ఉందని వీధి వీధంతా వినాలి. ఆ చప్పుడుకి ముందే నేమత్ భుజాలు బిగబట్టుకునేది.

డాబా మీదికి మాత్రం వెళ్ళనిచ్చేవారు. అక్కడ టమాటా నారు, మిరప నారు, తులసిలా గుబాళించే రైహాన్ కుండీలు ఉండేవి. కాలవ అవతల కౌలుకి చేసే చేను కూడా కనిపించేది. మరిది షిహాతా నీళ్ళు పెడుతుంటే ఆమె పైనుంచి రుమాలు ఊపేది. కుడికి ఊపితే చాలు అని, ఎడమకి ఊపితే ఇంకా పెట్టమని. అతను దాన్ని పలకరింపు అనుకుని తనూ చెయ్యి ఊపేవాడు, నీళ్ళు మడి దాటి దారిలో పారుతుండగా.

రైహాన్ దగ్గర మరో చిక్కు వచ్చింది. ఇద్దత్‌లో పరిమళాలు తగలకూడదు. అత్త మెట్ల మీద నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఏమే, ఈ వాసనేంటి?"

"మొక్క వాసన అత్తా. నేను పూసుకోలేదు."

"నువ్వు పూసుకున్నా అది పూసుకున్నా వాసన వాసనే."

ఆ తర్వాత నేమత్ ముక్కుకి గుడ్డ కట్టుకుని నీళ్ళు పోసింది. కుండీలన్నీ అమ్మకానికి సిద్ధంగా గుబురెక్కాయి.

ఆమెకి బతుకుతెరువు ఒక్కటే: ఊరి సంతలో, వంతెన దిగగానే ఉన్న చోటు. మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది కాబట్టి ఆకు వాడదు. ఆ సంతకో కట్టుబాటుంది. పండగ ముందురోజు ఏ చోటున ఎవరు కూర్చుని అమ్ముతారో, ఏడాదంతా ఆ చోటు వాళ్ళది. రాతా కోతా లేదు. ఎవరూ తప్పరు.

పండగకి వారం ముందు షిహాతా చంకలో నాలుగు లెట్యూస్‌లతో వచ్చాడు. మిట్టమధ్యాహ్నం కోశాడేమో, అవి తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి.

"వదినా, నువ్వేం దిగులు పడకు. పండగ ముందురోజు నేను కూర్చుంటాను."

"కూర్చుని?"

"అమ్ముతాను. అమ్మింది నీకే ఇస్తాను. తర్వాత నెమ్మదిగా అక్కడో బల్ల వేస్తాను. ఫోన్ కవర్లకి ఇప్పుడు మంచి గిరాకీ."

"మరి నా ఉల్లికాడలు?"

"నీకింక ఎండలో కష్టమెందుకు? మేం లేమూ?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకి ఎదురు చెప్పడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

ఆ మర్నాటి నుంచి ఎడారి గాలి మొదలైంది. ఆకాశం పసుపచ్చగా, దుమ్ముగా మారింది. ఇలాంటి వేడికి లెట్యూస్ నడుమ నుంచి కాడ తన్నుకొచ్చి ఆకు చేదెక్కుతుంది. నేమత్ డాబా మీద నిలబడి చేను వైపు చూస్తూ ఉండిపోయింది. అంత దూరం నుంచి కాడలు కనిపించవు. అయినా చూసింది.

సంతలో ఆమె పక్కన ముల్లంగి అమ్మే ఉమ్ సాబిర్ కిటికీ కింద ఆగింది.

"నేమత్, ఉన్నావా? మీ అత్త నిన్నూ ఉప్పులో పెట్టి మూతేసిందనుకున్నాను."

"ఇంకా ఊరలేదు. చోటు ఎలా ఉంది?"

"ఇన్నాళ్ళూ నా గోనెలు పరిచి కాపాడాను. ఆ ముందురోజు మాత్రం నా వల్ల కాదు. నేను నా చోట కూర్చోకపోతే నాదీ పోతుంది. నాకున్నది ఒక్క పిరుదుల జతే కదమ్మా."

నేమత్ చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వు వినబడి అత్త లోపల్నుంచి దగ్గింది.

శనివారం సాయంత్రానికి గాలి తగ్గింది. రేపే ఆ ముందురోజు. నేమత్ అత్త ముందు కూర్చుని బతిమాలుకుంది.

"ఒక్క పగలు అత్తా. మసక పడకముందే వచ్చేస్తాను."

"ఊరేమంటుంది?"

"ఊరు నాకు అన్నం పెట్టదుగా."

తఫీదా చిక్కుడు గింజలు ఒలుస్తోంది. ఆమె చేతులు ఆగాయి.

"మీ మామ పోయినప్పుడు నాకు దోస పాదులుండేవి," అంది. "చంకలో షిహాతా, కొంగు పట్టుకుని నీ మొగుడు. నన్నూ ఇలాగే కూర్చోబెట్టారు. కాయలన్నీ తీగకే పండి పగిలిపోయాయి. ఆ ఏడు మేం ఏం తిన్నామో అడక్కు. తర్వాతెప్పుడో మసీదు షేఖ్‌ని అడిగాను. పగలు బతుకు కోసం వెళ్ళొచ్చమ్మా, రాత్రి నిద్ర మాత్రం ఆ ఇంట్లోనే పోవాలి, అన్నాడు."

నేమత్ ఆమె ముఖంలోకి చూసింది. "నీకు తెలుసా ఈ మాట? ఇన్ని రోజులూ?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నాకెవరూ చెప్పలేదు కదా, దీనికెందుకు చెప్పాలి అనిపించింది," అంది తఫీదా. సంజాయిషీగా కాదు, ఉన్నమాటగా. మళ్ళీ గింజలు ఒలవసాగింది. "తెల్లారుజామునే లేపు. నేనూ వస్తాను. నువ్వొక్కదానివి వెళ్తే నోళ్ళు లేస్తాయి."

తెల్లవారకముందే ఇద్దరూ కాలవ దాటారు. లెట్యూస్ సగం కాడ వేసింది. మిగతా సగం, తూముకి దగ్గరున్నది, లేతగా ఉంది. షిహాతా దారిలోకి పారించిన నీళ్ళే అటు చేరి దాన్ని కాపాడాయి. ఉల్లికాడలకేం కాలేదు. నేమత్ మట్టిలో వేళ్ళు దూర్చి మొదటి కాడ లాగింది. వేళ్ళకి తడి తగిలింది. మట్టిచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"ఏడుపు తర్వాత," అంది అత్త. "కట్టలు కట్టు."

షిహాతా ఆటోలో బల్లతో సహా దిగేసరికి వంతెన నీడలో నల్లబట్టల్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఉల్లికాడలు, లెట్యూస్, నారు కట్టలు, రైహాన్ కుండీలు.

"వదినా, ఇద్దత్‌లో..." అని గొంతు పెంచబోయి తల్లిని చూశాడు. "అమ్మా, నువ్వేంటిక్కడ?"

"అమ్ముతున్నాను. కొంటావా?"

"ఊళ్ళో నా ముఖం..."

"నీ ముఖం నేను కన్నదే. దానికేం కాదు. ఆ బల్ల ఇటు దించు, కుండీలు పెట్టుకోవడానికి బాగుంటుంది."

ఉమ్ సాబిర్ ముల్లంగి చాటున నవ్వు దాచుకుంది. షిహాతా చుట్టూ చూశాడు. జనం అప్పటికే కట్టలు ఏరుకుంటున్నారు. బల్ల దించాడు. కాసేపు నిలబడి, తర్వాత కూర్చుని వంకరగా ఓ కట్ట కట్టాడు. నేమత్ దాన్ని విప్పి మళ్ళీ కట్టింది.

పొద్దు వాలకముందే ఆమె లేచింది. మిగిలిన నారు ఉమ్ సాబిర్‌కి ఒప్పజెప్పింది. గడువు తీరడానికి ఇంకా నెల పైనే ఉంది. రేపు పండగ. అందరూ కాలవ గట్టున ఉంటారు, తను డాబా మీద ఉంటుంది. నడుస్తుంటే వీధి అరుగుల మీద మాటలు ఆగి, వాళ్ళు దాటాక మళ్ళీ మొదలయ్యాయి. ఆమె తల వంచుకునే నడిచింది. చోటు మాత్రం మిగిలింది.

ఎవరూ కొనని వంకర రైహాన్ కుండీ ఒకటి తఫీదా చేతిలో ఉంది. దాన్ని తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టింది. వాసన గురించి ఏమీ అనలేదు.

నేమత్ వేళ్ళ మధ్య మట్టి కడుక్కుంటూ, రోజూ వినే ఆ చప్పుడు కోసం భుజాలు బిగబట్టింది. అది రాలేదు. తిరిగి చూస్తే, అత్త రెండు చేతులతో తలుపు దగ్గరికి తీసుకొచ్చి, గడియను వేలితో ఆపి ఆపి, నిద్రపోయే పిల్ల ఉన్న ఇంట్లో వేసినట్టు మెల్లగా వేస్తోంది.