పాలు పొంగిన నాడు దొరికిన పిల్ల

దిల్‌సుఖ్‌నగర్ల కిరాయింట్ల ఏండ్లకేండ్లు ఈది, ఎనభై అయిదుల ఆండాలు వాళ్లు ఎల్‌బీ నగర్ అవతల సొంతిల్లు కట్టుకున్నరు. నిన్నటిదాకా జొన్నచేలు, ఇయ్యాల ప్లాట్ల రాళ్లు! కరెంటు స్తంభాలు గూడ ఇంకా పడలే. పొద్దున పాలు పొంగిచ్చిన్రో లేదో, ఆమె మొగడు దశరథ వెనకాల గడ్డిలకెల్లి పిడికెడంత అడవి కుందేలు పిల్లను పట్టుకొచ్చిండు.

"తల్లి లేనట్టుందే, ఒక్కటే పడున్నది."

"లక్ష్మే నడిచొచ్చింది రా! పాలు పొంగిన నాడు ఇంటికొచ్చిన జీవాన్ని పంపొద్దు," అన్నది అత్త ముత్తమ్మ. ఇంకేముంది, గంప బోర్లిచ్చిన్రు.

ఆండాలు దూది పాలల్ల ముంచి మూతికి పెట్టింది. తాగదు! గుండె మాత్రం దడదడదడ. మధ్యాహ్నానికి చెవులు వాలేసింది. ఇది చస్తే ఎట్ల? ఆండాలు ఒకటే పరేషాన్.

భోజనానికొచ్చిన దిల్‌సుఖ్‌నగర్ల పక్కింటి కౌసల్యమ్మ, గుంటూరామె, చూసి లబలబలాడింది. "అయ్యో, ఆవుపాలు పట్టకు అమ్మాయ్, పొట్ట ఉబ్బి చచ్చిపోద్ది! మా పుట్టింట్లో ఇట్టాగే ముద్దుచేసి చంపుకున్నాం. తల్లి లేకేం? కుక్కలు జాడ పడతాయని పగలు దగ్గరికి రాదు. పొద్దుగూకాక వచ్చి పాలిచ్చి పోద్ది."

"మనిషి చెయ్యి తాకినంక ఇంకేం ముడ్తది?" ముత్తమ్మ గంప మీంచి చెయ్యి తియ్యదు.

"అది ఉత్తమాట వదినగారూ."

"అయితే? లక్ష్మిని గడ్డిల పారేస్తమా?"

ఆండాలుకు చటుక్కున తట్టింది. "అత్తమ్మా, మాపటికి దాని తల్లి పాలు చేపుకొచ్చి, పిల్ల కనబడక మనింటి సుట్టూ తిరుగుతది. పచ్చి బాలెంత ఉసురు కొత్తింటికి తగుల్తే?"

నిప్పు తాకినట్టు ముత్తమ్మ చెయ్యి లేచింది. "దశరథా! ఏడ దొరికిందో ఆడ్నే పెట్టిరా, జల్ది!"

"నువ్వే గదనే ఉంచుమన్నవ్?"

"నోర్ముయ్, ఉరుకు!"

పిల్లను అదే గడ్డిదుబ్బు కింద పెట్టి, అందరు మిద్దెక్కి కూసున్నరు. పొద్దు మునిగింది. ఏదీ రాలే. ఆండాలు కొంగు నోట్ల కుక్కుకున్నది. అప్పుడు రాళ్ల నడుమ గడ్డి కదిలింది. పెద్ద కుందేలు! ఆగింది, చెవులు నిక్కబొడిచింది, వాసన చూసింది. పిల్ల ఉరికొచ్చి దాని పొట్ట కిందికి దూరింది.

"ముట్టిందే! ముట్టింది!" ముత్తమ్మ గుసగుస.

ఆండాలుకు ఒళ్లంత తేలికైపోయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే.

"దగ్గరికి పోయి చూసొస్త," దశరథ లేచిండు.

ముత్తమ్మ అంగి పట్టి గుంజింది. "బాలెంత పాలిస్తుంటే పోయి చూస్తవారా? సిగ్గులేదు!"